ఢిల్లీ మీద కోపం మామీద చూపిస్తారా?

ప్రశ్న: పదిమందిమి కలిసి పశుపతినాథ్, ముక్తినాథ్ వెళ్దామనుకుంటున్నాం. నేపాల్లో మన ప్రభుత్వమంటే మండిపడతారని విన్నాం. మాకేమైనా ఇబ్బందా? – ఓ పాఠకురాలు, విజయనగరం

జవాబు: కోపం ఉన్నమాట నిజమే. 2015 ఏప్రిల్ భూకంపం తర్వాత ఐదు నెలలకే సరిహద్దులో లారీలు ఆగిపోయాయి. గ్యాసు దొరక్క జనం కట్టెల పొయ్యిలు వెలిగించుకున్నారు. దక్షిణ నేపాల్ మైదానాల్లో ఉండే మధేసీల ఆందోళన వల్లే అలా జరిగిందని మన ప్రభుత్వం అంది. అక్కడ మాత్రం ఇప్పటికీ దాన్ని భారత్ పెట్టిన ‘నాకాబందీ’ (దిగ్బంధం) అనే అంటారు. 2020లో, రెండు దేశాలూ మావంటే మావనే కాలాపానీ, లిపులేఖ్ ప్రాంతాల పటాల గొడవ సరేసరి.

అయినా యాత్రికుణ్ని నిలబెట్టి కడిగేసేవాళ్లు అరుదు. టీకొట్లో ఎవరైనా ‘మీవాళ్లు అలా ఎందుకు చేశారు?’ అంటే ఢిల్లీ తరఫున వకాల్తా పుచ్చుకోకండి. ‘ఆ చలికాలం ఎలా గడిపారు?’ అని అడిగి, చెప్పేది వినండి.

అసలు చిక్కు మన నోటితోనే. ‘అచ్చం మన రాష్ట్రంలా ఉందే’ అని మెచ్చుకోలుగా అన్నా వాళ్లకు గుచ్చుకుంటుంది. సామాను మోసేవాణ్ని ‘బహదూర్’ అని పిలవకండి; మన అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్‌కు తగిలించే పేరది. పెద్దవాడైతే దాయీ, చిన్నవాడైతే భాయీ, పెద్దావిడైతే దీదీ. హిందీ చాలామందికి అర్థమవుతుంది, కాకపోతే ‘తుమ్’ వద్దు, ‘ఆప్’ అనండి. బుద్ధుడు మనవాడేనని వాదనకు దిగకండి. లుంబినీ ఉన్నది నేపాల్లో. ఆ ముక్క స్టిక్కర్లు వేసుకుని మరీ చెప్పుకుంటారు. జనకపూర్ వైపు ఈ ముళ్లు తక్కువ. అక్కడ హద్దుకు అటూ ఇటూ పెళ్లి సంబంధాలున్నాయి.

ప్రశ్న: మా బంధువుకి టాక్సీవాడు 500 చెప్పి, దిగాక 800 అడిగాడట. ఇండియావాళ్లమనేనా?

జవాబు: మోసం కాకపోయే అవకాశమే ఎక్కువ. మన 100 రూపాయలు వాళ్ల 160కి సమానం. టాక్సీవాడు చెప్పింది 500 ‘ఐసీ’, అంటే మన రూపాయలు. నేపాలీ రూపాయల్లో, అంటే ‘ఎన్‌సీ’లో, అది సరిగ్గా 800. బేరానికి ముందే ‘ఐసీనా, ఎన్‌సీనా?’ అని అడగండి. కుదిరిన అంకెను ఫోన్లో కొట్టి చూపించండి. వంద, అంతకంటే చిన్న నోట్లు దండిగా పెట్టుకోండి, పెద్దవి చాలా కొట్లలో తీసుకోరు.

దేశీయ విమానాల్లో నేపాలీలకు ఒక ధర, మనకొకటి, మిగతా విదేశీయులకు డాలర్లలో ఇంకొకటి. ముక్తినాథ్ వెళ్లేందుకు ఎక్కే పోఖరా–జోమ్‌సోమ్ విమానం టిక్కెట్‌కు పక్క సీటతను తక్కువ కట్టాడని కౌంటరులో తగువు పెట్టుకోకండి. డాలర్ ధర కంటే మీది తక్కువే.