తటస్థ దేశపు రేవులో ఉన్న శత్రు యుద్ధనౌకపై దాడి చేయవచ్చా?

చేయకూడదు, తటస్థ దేశపు రేవుల్లోనూ, ప్రాదేశిక జలాల్లోనూ ఎలాంటి సాయుధ చర్యనైనా 1907 నాటి హేగ్ ఒప్పందం నిషేధించింది. అక్కడ పేలిన ఫిరంగి శత్రువును మాత్రమే కాదు, యుద్ధంతో సంబంధంలేని ఆ దేశపు సార్వభౌమత్వాన్నీ దెబ్బతీస్తుంది. అందుకే తన రేవును ఏ పక్షమూ యుద్ధ స్థావరంగా వాడుకోకుండా చూసే బాధ్యత కూడా ఆ దేశానిదే.

మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 మార్చిలో జర్మన్ యుద్ధనౌక డ్రెస్డెన్, బొగ్గు దాదాపు అయిపోయి, తటస్థ దేశమైన చిలీకి చెందిన మాస్ ఎ తియెర్రా దీవి దగ్గర లంగరు వేసింది. మార్చి 14న బ్రిటిష్ నౌకలు అక్కడికే వచ్చి కాల్పులు జరిపాయి. చివరికి జర్మన్ నావికులే తమ నౌకను ముంచేశారు. తటస్థ జలాల్లో ఉండటానికి అనుమతించిన గడువు మీరి డ్రెస్డెన్ అక్కడ ఉందని, దాన్ని అడ్డుకునే బలం చిలీకి అక్కడ లేదని బ్రిటన్ వాదించింది. వాదన పూర్తిగా కొట్టిపారేయదగినది కాదు. అయినా బ్రిటన్ చిలీకి క్షమాపణ చెప్పాల్సి వచ్చింది.

యుద్ధనౌక తటస్థ రేవులో అడుగే పెట్టకూడదని చాలామంది అనుకుంటారు. పెట్టవచ్చు. స్థానిక చట్టం వేరే గడువు చెప్పకపోతే 24 గంటలు ఉండవచ్చు. తుఫాను వచ్చినా, నౌక దెబ్బతిన్నా ఇంకొంత సమయం దొరుకుతుంది. మరమ్మతులు సముద్రయానానికి సరిపడేంత వరకే, పోరాట శక్తి పెంచుకోవడానికి కాదు. గడువు దాటినా కదలకపోతే ఆ నౌకను యుద్ధం ముగిసేదాకా కదలనీయకుండా తటస్థ దేశం నిర్బంధించవచ్చు.