ముందు అద్దానికి రాయి తగిలింది, రెజిన్ నింపిస్తే సేఫేనా లేక మార్పించాలా?

టిప్పర్ లోంచి కంకర రాయి ఎగిరొచ్చి డ్రైవర్ వైపు రూపాయి బిళ్ళకన్నా చిన్న మచ్చ పడింది, షాపతను రెజిన్ (పగుల్లోకి ఎక్కించాక గట్టిపడే జిగురు లాంటి ద్రవం) కొడితే కొత్తదానిలా అయిపోద్ది అంటున్నాడు, నమ్మొచ్చా అని అడిగారు కదా. కొత్తదానిలా మాత్రం అవ్వదండీ. పగులు సాగకుండా ఆగుతుంది, ఆ చోట బలం చాలావరకు తిరిగొస్తుంది, అదే చాలా పెద్ద ఉపకారం.

ముందు అద్దం అంటే రెండు గాజు పలకలు, మధ్యలో పీవీబీ అనే పల్చటి ప్లాస్టిక్ పొర, అందుకే రాయి తగిలినా ముక్కలై ఒళ్ళో పడదు. బయటి పలక ఒక్కటే చిట్లితేనే రిపేరు. లోపలి నుంచి గోరుతో గీకి చూడండి, అక్కడ కూడా గరుకుగా తగిలితే ఇక మార్చాల్సిందే. సైడు అద్దాలు చాలా బండ్లలో టెంపర్డ్, అంటే దెబ్బ తగిలితే మొత్తం చిన్న చిన్న ముక్కలైపోయే గాజు, వాటికి రిపేర్ అనేదే లేదు.

విజయవాడ హైవే మీద సూర్యాపేట దాటాక మా కారుకీ ఇలాగే తగిలింది, రిపేర్ చేస్తుంటే పక్కనే నిలబడి చూశాను. బండిని ముందు నీడలోకి పెట్టించాడు, ఎండ పడితే అందులోని యూవీ (అతినీలలోహిత) కిరణాలకి రెజిన్ పూర్తిగా లోపలికి దిగకముందే గట్టిపడిపోతుందట. సక్షన్ కప్పులతో చిన్న స్టాండు అంటించి, సిరంజి లాంటి దాంతో మచ్చలోని గాలి లాగేసి, తర్వాత రెజిన్ ఒత్తిడితో ఎక్కించాడు, గాలి ఉండబట్టి వెండిలా మెరుస్తున్న గీతలు చివర్ల దాకా ఒక్కోటీ కనపడకుండా పోయాయి. ఆ తర్వాత యూవీ లైటు పెట్టి, పైకి తేలిన రెజిన్ బ్లేడుతో గీకి పాలిష్ చేశాడు. ఇప్పటికీ చిన్న చుక్క ఉంది, రాత్రి ఎదురు బండి లైటు పడితే తళుక్కుమంటుంది. నాది పాసింజర్ వైపు కింద కాబట్టి ఇబ్బంది లేదు, అదే స్టీరింగ్ కి సూటిగా కళ్ళ ఎదురుగా ఉంటే మాత్రం నేను రిపేర్ చేయించను. మీరు సీట్లో మామూలుగా కూర్చుని రోడ్డు చూడండి, మచ్చ చూపుకి అడ్డొస్తే మార్పించేయండి. అంచుకి దగ్గరగా ఉన్నా అంతే, గుంతల్లో బాడీ కదిలిన ప్రతిసారీ ఆ ఒత్తిడి అంచుల మీదే పడుతుంది, అక్కడ మొదలైన పగులు ఆగదు.

ఈలోపు మచ్చ మీద ట్రాన్స్‌పరెంట్ టేపు వేసేయండి, నీళ్ళూ దుమ్మూ లోపలికి పోతే రెజిన్ సరిగా అంటుకోదు. ఎండలో కాలిన అద్దానికి ఒక్కసారిగా ఏసీ ఫుల్ పెట్టి గాలి అటు తిప్పడం, చల్లనీళ్ళు కొట్టడం వద్దు, గీత సర్రున సాగేది అప్పుడే.

షాపులవాళ్ళు చెప్పనిది ఇంకొకటి ఉంది, నాకు ఇదే అన్నిటికన్నా ముఖ్యం. అద్దం బాడీకి యురేథేన్ గమ్ తో అతుక్కుని ఉంటుంది, బండి పల్టీ కొడితే పైకప్పు అణగకుండా అదీ సాయం పడుతుంది, చాలా బండ్లలో పాసింజర్ ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేటప్పుడు ఆ అద్దానికే ఆనుకుంటుంది. అతుకు సరిగా లేకపోతే బ్యాగ్ అద్దాన్నే బయటికి తోసేస్తుంది. రిపేర్ లో కంపెనీ అతుకు కదలదు, అందుకే చెయ్యగలిగిన చోట నేను రిపేరే బెటర్ అంటాను. మార్చాల్సి వస్తే చవగ్గా వస్తుందని ఏదో సీలెంట్ పూసేవాడి దగ్గరికి పోకండి, గమ్ గట్టిగా పట్టడానికి ముందు పూసే ప్రైమర్ వేస్తున్నాడా, ఆ గమ్ ఆరడానికి ఎన్ని గంటలు కావాలో అడిగి అంతవరకూ బండి తియ్యకండి. అద్దం వెనక కెమెరా ఉన్న మోడల్ అయితే మార్చాక కాలిబ్రేషన్ (కెమెరా చూపు మళ్ళీ సరిచెయ్యడం) కూడా చేయించాలి, లేకపోతే లేన్ వార్నింగ్, ఆటో బ్రేక్ తప్పుగా పనిచెయ్యొచ్చు.

ఇన్సూరెన్స్ లో గాజుకి డిప్రిషియేషన్ (పాతబడినందుకు తగ్గించే విలువ) కట్ చెయ్యరు, కానీ క్లెయిమ్ వేస్తే మామూలుగా ఎన్‌సీబీ (నో క్లెయిమ్ బోనస్, క్లెయిమ్ వెయ్యనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుంది, 1500 సీసీ లోపు బండికి 1,000 రూపాయలు కంపల్సరీగా మీరే పెట్టుకోవాలి, కాబట్టి చిన్న రిపేర్ అయితే చేతి డబ్బుతో చేయించుకోవడమే నయం.