తుపాకి లాక్కోబోతే పేలింది, హత్య కేసు పెట్టారు

ప్రశ్న: మాది ఎల్బీనగర్. ప్లాటు హద్దు గొడవలో పక్క ప్లాటు యజమాని రివాల్వర్ తీసి మా తమ్ముడికి గురిపెట్టాడు. తమ్ముడు లాక్కోబోయాడు. పెనుగులాటలో అది పేలి ఆయనే చనిపోయారు. ఆత్మరక్షణ అని చెప్పేస్తే సరిపోతుందని బంధువులు అంటున్నారు. నిజమేనా?
ఒక పాఠకురాలు

జవాబు: సరిపోదమ్మా. మీ బంధువులు రెండు వేర్వేరు వాదనలను ఒకే మూటలో కడుతున్నారు. ‘నేను నొక్కలేదు, లాక్కుంటుంటే పేలింది’ అంటే ప్రమాదం. అది భారతీయ న్యాయ సంహిత 18వ సెక్షన్. ‘చంపేస్తాడని భయపడి నేనే కాల్చాను’ అంటే ఆత్మరక్షణ. అది 34 నుంచి 44 వరకు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి చెబితే రెండూ చేజారతాయి. మీ తమ్ముడిని ముందు న్యాయవాది దగ్గర ఉన్నదున్నట్టు చెప్పమనండి.

గురిపెట్టిన తుపాకిని లాక్కోవడం నేరం కాదు. ప్రాణభయానికి తగిన కారణం ఉంటే, ఎదుటివాడి ప్రాణం పోయేంత వరకూ ఆత్మరక్షణ హక్కు ఉంటుందని 38వ సెక్షన్ చెబుతుంది. అయితే ఆ భయం ఉన్నంతసేపే ఆ హక్కు. తుపాకి చేతికొచ్చి, అవతలివాడు వెనుదిరిగాక కాలిస్తే అది నిలవదు. హఠాత్తుగా రేగిన కొట్లాట అని కోర్టు నమ్మితే నేరం హత్య కిందికి రాకపోవచ్చు. అయినా 105వ సెక్షన్ కింద యావజ్జీవం దాకా పడవచ్చు.

ఇవన్నీ మినహాయింపులు కాబట్టి చూపించే భారం మీ తమ్ముడిదే. అలా జరిగి ఉండే అవకాశమే ఎక్కువని జడ్జికి అనిపిస్తే చాలు. కానీ ఊరికే అనిపించదు. 1959లో భార్య ప్రియుడిని కాల్చి చంపిన నౌకాదళ అధికారి నానావతి కేసులోనూ పెనుగులాటలోనే రివాల్వర్ పేలిందన్నారు. చనిపోయిన వ్యక్తి ఒంటి మీద మూడు తూటా గాయాలు, నడుముకు చుట్టుకున్న తువ్వాలు మాత్రం ఊడనే లేదు. 1961లో సుప్రీంకోర్టు ఆ వాదనను నమ్మలేదు. నా లెక్కలో ఆ తువ్వాలు వంద మంది సాక్షుల పెట్టు.

మీ కేసులోనూ వస్తువులే మాట్లాడాలి. గాయం చుట్టూ మసి, మందు రేణువులు ఉంటే చాలా దగ్గరి నుంచి పేలినట్టు. రివాల్వర్ సుత్తి వెనక్కి లాగి ఉంటే ట్రిగ్గర్ తేలిగ్గా కదులుతుంది, లేకపోతే గట్టిగా లాగాలి. ఎంత బలం కావాలో ఫోరెన్సిక్ ల్యాబ్‌లో కొలుస్తారు. మీ తమ్ముడి చేతుల మీద గీతలు, కమిలిన గుర్తులు ఉంటే మానిపోకముందే డాక్టరుతో రాయించండి. రిమాండ్‌లో ఉంటే న్యాయవాది ద్వారా మెజిస్ట్రేటును అడగండి.

వీధిలో సీసీ కెమెరా ఉందా? పాత దృశ్యాల మీద కొత్తవి పడి చెరిగిపోతాయి. వాటిని స్వాధీనం చేసుకోవాలని దర్యాప్తు అధికారికి ఈ రోజే రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి.