సినిమా చూస్తుంటే ఛాతీ బరువెక్కింది.. గుండె జబ్బా, దిగులా?

ప్రశ్న: నా వయసు 46. రెండేళ్ల క్రితం నా ప్రాణ స్నేహితుడు గుండెపోటుతో పోయాడు. కాలేజీ రోజుల్లో ఇద్దరం గిటార్ పట్టుకుని బ్రిటిష్ రాక్ బ్యాండ్ క్వీన్ పాటలే పాడేవాళ్లం. మొన్న ఆ బ్యాండ్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ జీవిత కథతో వచ్చిన సినిమా చూస్తుంటే, 1985 నాటి లైవ్ ఎయిడ్ కచేరీ ఘట్టం దగ్గర గొంతు పూడుకుపోయింది. ఛాతీ బరువెక్కి, వేళ్లు తిమ్మిరెక్కి, పది నిమిషాలు ఊపిరాడలేదు. అప్పటి నుంచి నిద్ర సరిగా లేదు. ఇది గుండె జబ్బా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: దిగులే అయ్యుండొచ్చు. కానీ మీ వయసులో ఛాతీ బరువును పరీక్ష చేయించకుండా దిగులు ఖాతాలో వేయకూడదు. రేపే ఈసీజీ తీయించుకోండి. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ కూడా చూపించుకోండి. బాధ తగ్గాక తీసిన ఈసీజీ బాగున్నంత మాత్రాన గుండెకు ఢోకా లేదని కాదు. మెట్లెక్కినప్పుడు, వేగంగా నడిచినప్పుడు అదే బరువు అనిపిస్తుంటే ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పండి. ఎకో (గుండె స్కానింగ్), టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే గుండె పరీక్ష) అవసరం పడొచ్చు. చెమటలు పట్టి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకితే ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి.

వేళ్లు తిమ్మిరెక్కాయన్నారు, అది దిగులు వైపు చూపే ఆనవాలు. ఏడుపు ఆపుకుంటూ గబగబా గాలి పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. దాంతో వేళ్లకు, పెదాల చుట్టూ తిమ్మిరి వస్తుంది, తల తేలిపోతుంది. గాలి చాలట్లేదని ఇంకా పీలుస్తారు, బాధ ఇంకా పెరుగుతుంది. మళ్లీ అలా అయితే కూర్చుని, నాలుగు లెక్కపెట్టేంతసేపు ముక్కుతో పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు మెల్లగా వదలండి. ఐదు నిమిషాలు చేయండి. కాగితపు సంచిలోకి ఊపిరి వదిలి పీల్చే చిట్కా మాత్రం వద్దు. అసలు సమస్య గుండెదే అయితే ప్రాణం మీదికొస్తుంది.

కాలేజీ వయసులో విన్న పాటలు జ్ఞాపకంలో గట్టిగా నాటుకుంటాయి. పాట మొదలైతే మనిషి, హాస్టల్ గది, ఆనాటి కబుర్లు అన్నీ ఒక్కసారే ముంచుకొస్తాయి. రెండేళ్ల తర్వాత కన్నీళ్లొచ్చినా అది జబ్బు కాదు. ఆ పాటలకు దూరం కావొద్దు, దూరం జరిగేకొద్దీ భయం పెరుగుతుంది. పగటిపూట, అతన్ని ఎరిగిన వాళ్లతో కూర్చుని ఒక్కో పాటా వినండి. గిటార్ బయటికి తీయండి. రాత్రి పక్క మీద ఫోన్లో ఆ వీడియోలు పెట్టుకోకండి.

నిద్ర కోసం మద్యం తాగొద్దు. ముందు మత్తుగా ఉన్నా తెల్లవారుజామున మెలకువ వచ్చేస్తుంది. మెడికల్ షాపులో అడిగి అల్ప్రజోలం (ఆందోళన తగ్గించే, మత్తునిచ్చే మాత్ర) వేసుకోవడమూ ప్రమాదమే, అలవాటు పడిపోతారు. నిద్ర, ఆకలి, పని మీద ఆసక్తి రెండు వారాలైనా కుదుటపడకపోతే, లేదా రోజంతా అతని ధ్యాసే ఉండి ఏ పనీ సాగకపోతే సైకియాట్రిస్టును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. చనిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగొద్దు, ఆ క్షణమే ఫోన్ చేయండి.