ట్రైక్ హ్యాండిల్ బరువు గురించి

అన్నా, మీ హోండా బైక్ గోల్డ్‌వింగ్ 1800కి ట్రైక్ కిట్ (వెనక రెండు చక్రాలు పెట్టి మూడు చక్రాల బండిగా మార్చేది) వేయించాక మలుపుల్లో భుజాలు పీకేస్తున్నాయని, నిదానంగా వెళ్తే హ్యాండిల్ ఊగుతోందని అన్నారు కదా. బైక్ అయితే వంగి తిరుగుతుంది. ట్రైక్ వంగదు, ముందు చక్రాన్ని చేతుల బలంతోనే తిప్పాలి. రెండు చక్రాల మీద నిలకడనిచ్చిన ట్రెయిలే (హ్యాండిల్ తిరిగే ఇరుసు గీత నేలను తాకే చోటుకీ, టైరు నేలను తాకే చోటుకీ మధ్య దూరం) ఇప్పుడు ఎదురు తిరుగుతోంది. ముందు చక్రాన్ని మోసే ఫోర్కులను పట్టి ఉంచే ట్రిపుల్ ట్రీని మార్చి, వాటి వాలు పెంచే రేక్ కిట్ వేయించండి. చక్రం కాస్త ముందుకు జరిగి ట్రెయిల్ తగ్గుతుంది, హ్యాండిల్ తేలికవుతుంది. (మళ్లీ బైక్‌గా మారిస్తే మాత్రం అది తీసేయాల్సిందే.) ఊగుడుకైతే స్టీరింగ్ బేరింగ్ బిగింపు, టైర్లలో గాలి చూడండి. వెనక కారు టైర్లే కదా అని కారంత గాలి కొట్టించారా? బండి బరువు కారంత ఉండదు! కిట్ కంపెనీ చెప్పినంతే పెట్టండి.