శనగ మునిగిందీ ఆ చేలోనే, ఎండిందీ ఆ చేలోనే: ఈ రబీకి ఏం చేయాలి?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలం. తొమ్మిది ఎకరాల నల్లరేగడి కౌలుకు చేస్తున్నాను. పోయిన రబీలో అక్టోబరు చివర జేజీ-11 రకం శనగ వేస్తే తుఫాను వానకు మూడు రోజులు నీళ్లు నిలిచి మొలక పోయింది. మళ్లీ విత్తనం కొని నవంబరు ఆఖరున వేశాను. అది ఫిబ్రవరిలో మచ్చలు మచ్చలుగా ఎండిపోయింది. ఈసారి శనగ మానేసి నల్లబర్లీ పొగాకు వేయమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అన్నా, రెండుసార్లు పెట్టుబడి పెట్టి ఒక్క పంట కూడా సరిగా ఇంటికి రాలేదంటే ఆ బాధ చిన్నది కాదు. అయినా పొగాకు వద్దనే చెబుతాను. 2025లో నల్లబర్లీ కొనేవాళ్లు లేక చివరికి ప్రభుత్వం తన సహకార మార్కెటింగ్ సంస్థ మార్క్‌ఫెడ్‌తో కొనిపించాల్సి వచ్చిందని మీకు తెలిసిందే. పైగా పొగాకు కూడా నీళ్లు నిలిస్తే తట్టుకోదు, కాబట్టి పంట మార్చినా మీ చేలో ఉన్న అసలు ఇబ్బంది అలాగే ఉంటుంది.

మీరు రెండు నష్టాలు రాశారు గానీ, నాకైతే రెండోది మొదటిదాని నుంచే పుట్టినట్టు కనిపిస్తోంది. మొదటి విత్తు మునిగింది కాబట్టి రెండో విత్తు ఆలస్యమైంది, ఆలస్యమైంది కాబట్టి పూత, కాయ దశ ఫిబ్రవరి ఎండల్లో పడింది. పూత మీద ఎండ 35 డిగ్రీలు దాటితే కాయ సరిగా కట్టదు. నేలలో పదును తగ్గి వేడి పెరిగితే ఎండు వేరుకుళ్లు కూడా తోడవుతుంది. ఈసారి అలాంటి మచ్చ కనిపిస్తే ఒక మొక్క పీకండి. తల్లివేరు పుటుక్కున విరిగి కింది ముక్క నేలలోనే ఉండిపోయి, చేతికి వచ్చిన వేరు పిల్లవేర్లు లేకుండా నల్లగా పెళుసుగా ఉంటే అది ఎండు వేరుకుళ్లు. వేరు బాగానే ఉండి, నిలువుగా చీలిస్తే లోపల నల్లటి చార కనిపిస్తే అది ఎండు తెగులు. వర్షం నీళ్లు నిలిచి దెబ్బతిన్న మొక్కలో ఆ చార ఉండదు, వేరు మీద నత్రజని పట్టే బుడిపెలు మాత్రం కోసి చూస్తే లోపల గులాబీ రంగు పోయి ఉంటాయి. ఏది అన్నది తెలియకుండా షాపువాళ్లు ఇచ్చిన మందు కొట్టడం డబ్బు దండగ.

అందుకే ముందు నీళ్లు బయటికి పోయే దారి చూడండి. మన తీరానికి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాను భయం ఎప్పుడూ ఉన్నదే. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు చూశాం కదా. సముద్రం వేడెక్కేకొద్దీ ఇలా ఒక్కసారిగా కుమ్మేసే వానలు పెరుగుతాయే తప్ప తగ్గవు. మీటరు వెడల్పు మడి, పక్కన అరమీటరు కాలువ, మడి మీద 30 సెంటీమీటర్ల ఎడంతో నాలుగు సాళ్లు, ఇదీ రేగడికి సరిపడే పద్ధతి. అలా మడులు చేసే పరికరం దొరకకపోతే ఎనిమిది సాళ్లకొక బోదె కాలువ వాలు వెంట తీయించండి. ఈ కాలువలే వాన లేనప్పుడు పదును పట్టి ఉంచుతాయి కూడా. అయితే మీ ఒక్కరి చేలో తీసి లాభం లేదు. కింది చేను రైతుతో ముందే మాట్లాడుకోవాలి, ఊరి మురుగు కాలువలో తూటికాడ పెరిగిపోయి ఉంటే నలుగురూ కలిసి విత్తే లోపే తీయించుకోవాలి. నిజానికి ఎక్కువ చేలు మునిగేది వాన వల్ల కన్నా ఈ పూడిక వల్లే, ఈ విషయం ఎన్నిసార్లయినా చెబుతాను.

తొమ్మిది ఎకరాలూ ఒకే రోజు విత్తకండి. ఆరెకరాలు శనగ, మూడెకరాలు జొన్న పెట్టండి. జొన్న వేసిన చోట శనగలో ఎండు తెగులు ఉధృతి తగ్గుతుంది, చొప్ప పశువులకు పనికొస్తుంది. శనగలో కూడా సగం అక్టోబరు మూడో వారంలో, మిగతా సగం నవంబరు మొదటి పక్షంలో వేయండి, వాతావరణ శాఖ తుఫాను హెచ్చరిక ఉంటే గొర్రు పట్టుకోకుండా ఆగండి. ఒక ఎకరానికి సరిపడా విత్తనం, అంటే 25 నుంచి 30 కిలోలు, ఇంట్లో అట్టే పెట్టుకోండి. రెండో దఫా విత్తే సగంలో బెట్టను కాస్త తట్టుకునే నంద్యాల శనగ-1 వేసి చూడవచ్చు. కూలీలు దొరక్క కోత ఆలస్యమవుతుంటే మిషను కోతకు వీలైన ధీర రకం ఉంది.

కిలో విత్తనానికి 10 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి (తెగుళ్లను అడ్డుకునే మేలుచేసే శిలీంధ్రం) పట్టించండి. దాంతోపాటు 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి వారం పది రోజులు నీడలో తడి ఆరకుండా ఉంచి, ఎకరా నేలలో చల్లండి. మునిగితే నీళ్లు తీసిన వెంటనే బురదలో దిగి తొక్కకండి, పదును రాగానే గుంటక తోలి, 2 శాతం యూరియా ద్రావణం (లీటరు నీటికి 20 గ్రాములు) పిచికారీ చేయండి.

ఇక కౌలు సంగతి. కౌలు రైతుకు ప్రభుత్వం ఇచ్చే సాగుదారు హక్కు పత్రం లేకపోతే బీమా, పరిహారం యజమాని పేరున పోతాయి, మీకు టెన్షన్ మిగులుతుంది. యజమానిని ఒప్పించి పత్రం తీసుకుని, రైతు సేవా కేంద్రంలో ఈ-క్రాప్ పంట నమోదులో మీ పేరే ఎక్కిందో లేదో మీరే చూసుకోండి. ఫసల్ బీమా అనే కేంద్ర పంటల బీమా పథకంలో రబీ ఆహార పంటలకు రైతు వాటా బీమా మొత్తంలో 1.5 శాతమే. చేను మునిగితే ఫోటోలు తీసి 72 గంటల్లోపు బీమా వాళ్లకు తెలియజేయాలి.

వచ్చే జూన్‌లో చేను ఖాళీగా వదలకండి. తొలకరికి కొర్ర వేస్తే మూడు నెలల్లోపే కోతకు వచ్చి శనగకు చేను ఖాళీ అవుతుంది. కొర్ర ఇష్టం లేకపోతే జనుమో పిల్లిపెసరో చల్లి పూత మీద కలియదున్నండి.