పాత అంబాసిడర్‌కు కొత్త బ్రేకులు, కొత్త చక్రాలు: ఆర్.సి.లో లేనిది చట్టంలోనూ లేనట్టేనా?

ప్రశ్న: మా నాన్నగారు 1972లో కొన్న అంబాసిడర్ మార్క్ 2 ఇప్పుడు నా పేరు మీద ఉంది. ఆర్.సి., బీమా అన్నీ సరిగ్గానే ఉన్నాయి. బండి బాగా నడుస్తుంది కానీ బ్రేకు మీద నాకు నమ్మకం చాలడం లేదు. ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు వేయించాలని, ముందున్న టార్షన్ బార్లు (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు), వెనకున్న కమాన్ పట్టీలు తీసేసి కాయిల్ స్ప్రింగుల సస్పెన్షన్ పెట్టించి బండిని రెండంగుళాలు కిందికి దింపాలని, 15 అంగుళాల ఇనుప చక్రాల బదులు 16 అంగుళాల అల్లాయ్ వీల్స్ వేయించాలని ఉంది. "ఆర్.సి.లో బ్రేకు, స్ప్రింగు అని ఎక్కడా రాసి ఉండదు, ఎవరూ అడగరు" అంటున్నాడు మెకానిక్. ఇది నిజమేనా? ప్రమాదం జరిగితే బీమా వస్తుందా? వింటేజ్ నంబరు తీసుకోవాలన్న ఆశ కూడా ఉంది, దానికి అడ్డొస్తుందా?
- ఒక పాఠకుడు

జవాబు: అయ్యా, మీరు పని మొదలుపెట్టక ముందే అడిగారు. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలావరకు బండి కోసేశాక వస్తాయి. అప్పుడు చెప్పగలిగేది తక్కువ.

మీ మెకానిక్ మాటలో సగం నిజం ఉంది. సొంత కారు ఆర్.సి.లో తయారీదారు పేరు, బాడీ రకం, తయారైన నెల, సంవత్సరం, ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు, సిలిండర్లు, సి.సి., ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం, సీట్లు, ఇంధనం, ఖాళీ బండి బరువు, రంగు ఉంటాయి. టైర్ల కొలతలు ప్రధానంగా లారీలు, బస్సుల వంటి రవాణా వాహనాలకు రాస్తారు. బ్రేకు డ్రమ్మా డిస్కా అన్న గడి మీ కాగితంలో కనబడదు. అక్కడి వరకు ఆయన చెప్పింది సరే. అందుకని ఎవరూ అడగరు అనడం మాత్రం తప్పు.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ చూడండి. ఆర్.సి.లోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా ఏ యజమానీ బండిని మార్చకూడదని అది చెబుతుంది. 2000 సంవత్సరపు సవరణతో ఈ సెక్షన్ ఇంత గట్టిగా తయారైంది. "మార్పు" అంటే ఏమిటో కూడా అక్కడే వివరించారు: బండి నిర్మాణంలో చేసిన మార్పు వల్ల దాని మౌలిక లక్షణం మారిపోవడం. ఈ రెండు వాక్యాలనూ కలిపి చదవాలి. మెకానిక్ మొదటి వాక్యంలోని ఆర్.సి. అన్న మాట దగ్గరే ఆగిపోయాడు. కొందరు అధికారులు తయారీదారు అన్న మాట పట్టుకుని సీటు కవరు మార్చినా తప్పే అన్నట్టు మాట్లాడతారు. నిర్మాణం మారిందా, మౌలిక లక్షణం మారిందా అన్న ప్రశ్న ఇద్దరూ వేసుకోరు.

దీనిపై సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పు చెప్పింది. కేరళ నుంచి వచ్చిన ఆ కేసులో ప్రాంతీయ రవాణా అధికారి అప్పీలుదారు, కె. జయచంద్ర అవతలి పక్షం. జస్టిస్ అరుణ్ మిశ్రా, జస్టిస్ వినీత్ శరణ్‌ల ధర్మాసనం రాష్ట్ర నిబంధన ఏదైనా సరే 52వ సెక్షన్‌కు లోబడే ఉండాలని, తయారీదారు మొదట ఇచ్చిన నిర్దేశాలకు భిన్నంగా బండిని మార్చడం కుదరదని స్పష్టంగా చెప్పింది. ఇంజను మార్చుకోవాల్సి వస్తే అదే తయారీ, అదే రకం ఇంజనును అనుమతితో పెట్టుకోవచ్చన్న దారి మాత్రం ఉంచింది. ఆ చివరి మాట మీకు పనికొస్తుంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

సస్పెన్షన్, చక్రం, బ్రేకు అన్న మాటలు 52వ సెక్షన్‌లో లేవు. కాబట్టి మీ మూడు పనులను మూడుగానే విడదీసి చూడాలి. నేను గీసుకునే గీత ఒకటుంది. ఇది నా అభిప్రాయం, చట్టంలో ఈ మాటల్లో రాసి లేదు. బోల్టు విప్పి పాత భాగం మళ్లీ పెడితే బండి యథాతథంగా తిరిగి వస్తుందా? అయితే అది మార్పు కాదని వాదించడానికి మీ చేతిలో బలం ఉంటుంది. కోసి, వెల్డింగు చేసి, కొత్త బ్రాకెట్లు అతికించారా? అప్పుడు "నిర్మాణం మారలేదు" అని నేను ఏ అధికారి ముందూ నిలబడి చెప్పలేను.

ఈ గీత దగ్గర మీ సస్పెన్షన్ పథకం నిలవదు. అంబాసిడర్‌కు లారీలాగా విడి ఛాసిస్ ఉండదు, బాడీ, ఫ్రేము ఒకటిగా కలిసిన నిర్మాణం. ముందు టార్షన్ బార్, వెనక కమాన్ పట్టీలు ఏ చోట బరువును బాడీకి అప్పగించాలో ఆ లెక్కతోనే ఆ చోట్లలో లోహాన్ని బలపరిచారు. కాయిల్ స్ప్రింగు పెడితే అదే బరువు వేరే చోట, ఒకే బిందువు మీద పడుతుంది. అక్కడ కొత్తగా గిన్నెలు, బ్రాకెట్లు వెల్డింగు చేయకుండా పని జరగదు. యాభై ఏళ్ల రేకు మీద వెల్డింగు అంటే ఏమిటో మీ మెకానిక్‌కు నాకంటే బాగా తెలిసి ఉండాలి. చట్టపరంగా ఇది నిర్మాణంలో మార్పే. దీన్ని వదిలేయమనే చెబుతాను. అరిగిపోయిన కమాన్ పట్టీలు, బుష్‌లు అదే కొలతలో కొత్తవి వేయించండి, మంచి షాక్ అబ్జార్బర్లు పెట్టించండి. అది మరమ్మతు అవుతుంది, మార్పు అవదు. మీరు కోరుకునే స్థిరత్వంలో చాలా భాగం దాంతోనే వస్తుంది.

చక్రాల సంగతి చిన్నది. ఇప్పుడు మీ బండికి 165/80 ఆర్15 టైర్లు ఉన్నాయనుకుందాం (వెడల్పు 165 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 80 శాతం, రిమ్ము 15 అంగుళాలు). టైరు మొత్తం వ్యాసం సుమారు 645 మిల్లీమీటర్లు. 16 అంగుళాల అల్లాయ్ మీద 195/50 టైరు వేస్తే అది సుమారు 601 అవుతుంది, అంటే దాదాపు 7 శాతం తక్కువ. నిజంగా 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే మీటరు 64 చూపిస్తుంది, ఓడోమీటరు కూడా ఎక్కువ తిరుగుతుంది. అదే 15 అంగుళాల రిమ్ము మీద 195/65 వేస్తే వ్యాసం 634 పైచిలుకు, తేడా 2 శాతం లోపే. నేనైతే 15 దగ్గరే ఆగుతాను. రిమ్ము మీద నాణ్యతా ధ్రువీకరణ ముద్ర, బండి బరువు మోయగల టైరు, స్టీరింగు పూర్తిగా తిప్పినా ఎక్కడా రాసుకోకపోవడం, మడ్‌గార్డు దాటి బయటికి రాకపోవడం, ఈ నాలుగూ చూసుకుని బిల్లు దాచుకోండి.

బ్రేకుల దగ్గర నేను మీ పక్షమే. నాలుగు వైపులా డ్రమ్ములున్న బండి వాటివల్లే ప్రమాదకరం అనను. కానీ దిగుడు దారిలో వరుసగా తొక్కితే డ్రమ్ము వేడెక్కి పట్టు సడలడం వాస్తవం. ఆగడం కోసం చేసే మార్పును చట్టం శత్రువుగా చూడకూడదు. 109వ సెక్షన్ ప్రకారం బండి ఎల్లప్పుడూ నడిపేవాడి సమర్థమైన అదుపులో ఉండేలా నిర్మించి, నిర్వహించాలి. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 96వ నియమం కారుకు కాలితో తొక్కే బ్రేకు, పార్కింగ్ బ్రేకు రెండూ సమర్థంగా ఉండాలంటుంది. కాబట్టి హ్యాండ్ బ్రేకు పనిచేయకుండా చేసే ఏ కిట్టునూ ఒప్పుకోకండి. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు అలాగే ఉంచితే ఆ ఇబ్బంది రాదు.

ఇక జయచంద్ర తీర్పులోని ఆ చివరి మాట. అదే తయారీదారు తరువాతి కాలపు అంబాసిడర్లకు ముందు డిస్క్ బ్రేకులు ఇచ్చాడు. ఆ భాగాలు బోల్టులతో మీ బండికి కూర్చగలిగితే, "నేను తయారీదారు దారి తప్పలేదు, అదే తయారీ, అదే రకం బండి భాగమే పెట్టుకున్నాను" అన్న వాదన మీకు దొరుకుతుంది. ఇంజను గురించి కోర్టు అన్న మాటను బ్రేకుకు వర్తింపజేయమని అడగడం ఇది, పోలికతో చేసే వాదన మాత్రమే. అయినా ఎవరో గ్యారేజీలో తయారుచేసిన కిట్టు కంటే ఎంతో గట్టి నేల.

ఇక్కడ ఒక సాంకేతిక విషయం చెప్పక తప్పదు, ఎందుకంటే రేపు కోర్టులో నిపుణుడు మొదట చూసేది అదే. డిస్కుకు కావలసిన బ్రేకు ఆయిలు పరిమాణం, ఒత్తిడి డ్రమ్ముకు వేరు. పాత మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేకు ఆయిలును లైన్లలోకి నెట్టే భాగం) అలాగే ఉంచి ముందు డిస్కులు మాత్రం తగిలిస్తే ముందు వెనకల మధ్య లెక్క తప్పుతుంది. వెనక చక్రాలు ముందుగా బిగుసుకుపోతే బండి అడ్డం తిరుగుతుంది. డ్రమ్ముల కోసం లైనులో ఒత్తిడి నిలిపే వాల్వు డిస్కు లైనులో ఉండిపోతే ప్యాడ్లు రాసుకుంటూనే ఉంటాయి. మాస్టర్ సిలిండర్, వాల్వులు, హోసులు అన్నీ కలిపి ఒకే పనిగా చేయించండి.

శిక్షలు కూడా తెలుసుకోండి. 2019 సవరణతో వచ్చిన 182ఎ(4) కింద, చట్టం ఒప్పుకోని విధంగా బండిని మార్చిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. "ఒక్కో మార్పుకు" అన్న మాట గమనించండి, మీ జాబితాలో మూడున్నాయి. బండి జనానికి ప్రమాదకరమని నమ్మడానికి కారణముంటే 53వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్‌ను తాత్కాలికంగా నిలిపివేయవచ్చు, అయితే ముందు మీ మాట వినాలి. లోపం ఉందని తెలిసి, లేదా మామూలు జాగ్రత్తతో తెలుసుకోగలిగి ఉండీ రోడ్డెక్కితే 190(1) కింద 1,500 రూపాయలు. ఆ లోపం వల్ల ఎవరికైనా గాయమైతే మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయలు, లేదా రెండూ. ప్రాణం పోతే నిర్లక్ష్యంతో మరణానికి కారణమైనందుకు భారతీయ న్యాయ సంహిత 106(1) ఉంది, ఐదేళ్ల వరకు జైలు. "మెకానిక్ చేశాడు" అనడం ఆ రోజు మిమ్మల్ని కాపాడదు.

బీమాలో రెండు భాగాలు వేరు. ఎదుటివారికి ఇవ్వాల్సిన పరిహారం విషయంలో కంపెనీ ఏయే కారణాలు చెప్పి తప్పుకోవచ్చో 150వ సెక్షన్‌లో లెక్క కట్టి ఇచ్చారు. లైసెన్సు లేకపోవడం, పందేలకు వాడడం వంటివి ఉన్నాయి. బండిలో మార్పు అన్న మాట ఆ జాబితాలో లేదు. కానీ ముఖ్యమైన విషయం దాచి పాలసీ తీసుకున్నారన్న కారణం ఉంది. కంపెనీ పట్టుకునేది ఆ కొసనే. మీ సొంత బండికి జరిగిన నష్టం మాత్రం పూర్తిగా పాలసీ షరతుల వ్యవహారం, చెప్పని మార్పు ఉంటే క్లెయిము తిరస్కరణకు వాళ్లకు సాకు దొరికినట్టే. షరతు మీరిన సందర్భాల్లో పూర్తిగా ఎగ్గొట్టకుండా 75 శాతం వరకు ఇచ్చే పద్ధతిని సుప్రీంకోర్టు 2010లో అమలేందు సాహూ కేసులో ఆమోదించింది. అది సొంత కారును అద్దెకిచ్చిన కేసు. దాన్ని నమ్ముకుని పని మొదలుపెట్టకండి. పని పూర్తయిన వారంలోనే బిల్లులు, ఫొటోలతో కంపెనీకి రాసి, పాలసీలో ఆ వివరం చేర్పించుకుని, చేర్చిన కాగితం తీసుకోండి.

వింటేజ్ నంబరు విషయం. 2021 జూలైలో కేంద్ర నియమాల్లో 81ఎ మొదలుకొని కొత్త నియమాలు వచ్చాయి. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే కాపాడిన బండి అయి ఉండాలి. ఛాసిస్‌లో గానీ, బాడీ షెల్‌లో గానీ, ఇంజనులో గానీ మార్పు చేసి ఉండకూడదు. మీ బండి వయసు సరిపోయింది. నంబరులో వీఏ అన్న అక్షరాలు వస్తాయి, కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. సస్పెన్షన్ కోసం బాడీకి వెల్డింగు పెట్టిన రోజే ఈ ఆశకు నీళ్లు వదులుకోవాలి. బోల్టుతో పెట్టిన బ్రేకు గురించి మాత్రం వాదించవచ్చు. మరో సంగతి: వింటేజ్ నంబరు వచ్చాక ఆ బండిని రోజువారీ పనులకు నడపకూడదు. ప్రదర్శన, ర్యాలీ, సాంకేతిక పరిశోధన, ఇంధనం, మరమ్మతు వంటి వాటికే. మీరు ఆ కారులో ఊరు తిరగాలనుకుంటున్నారా, దాన్ని భద్రంగా దాచుకోవాలనుకుంటున్నారా? ఇది ముందే తేల్చుకోండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది. మీ రిజిస్ట్రేషన్ అధికారికి ఒక దరఖాస్తు రాయండి. అందులో ముందు బ్రేకులు, అదే వ్యాసానికి దగ్గరగా ఉండే చక్రాలు మాత్రమే అడగండి. భాగాల పేర్లు, నంబర్లు, ధ్రువీకరణ పత్రాల నకళ్లు, బాడీని కోయడం, వెల్డింగు చేయడం జరగదన్న మెకానిక్ సంతకంతో లేఖ జత చేసి, అందినట్టు ముద్ర వేయించుకోండి. మార్పు జరిగితే 14 రోజుల్లో తెలియజేయాలని 52(3)లో ఉంది, దాన్ని "ముందు చేసేసి తర్వాత చెప్పుకోవచ్చు" అని చదవకండి. మెకానిక్‌తో పని వివరం, హామీ కాగితం మీద రాయించుకోండి. పని చెడితే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద రెండేళ్లలోపు కమిషన్‌కు వెళ్లడానికి అదే ఆధారం. విప్పిన డ్రమ్ములు, పాత సిలిండరు, పాత చక్రాలు ఒక్కటి కూడా తుక్కుకు వేయకండి. పేరు రాసి, నూనె పూసి ఇంట్లోనే ఉంచండి.

అధికారి కాదంటే ఆ మాట రాతపూర్వకంగా తీసుకోండి. అది అందిన 30 రోజుల్లో 57వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు. నోటితో చెప్పిన తిరస్కరణ మీద అప్పీలు చేయడం కష్టం. ఆ జవాబు వచ్చేవరకు బండి పాత డ్రమ్ముల మీదే ఉండనివ్వండి. ఈలోపు వాటి లైనింగులు, రబ్బరు సీళ్లు, ఆయిలు కొత్తవి వేయించి సర్దించండి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.